హెడ్‌ఫోన్‌లో వస్తోంది, స్పీకర్‌లో రాదు; మైక్ మీటర్ కదులుతుంది, అవతల వినపడదు (మింట్ 22)

గోదారిగట్టు | ఆదివారం, రాత్రి 8:12

అందరికీ నమస్కారం. మాది రాజమండ్రి. మా అమ్మ వీణ టీచర్. ఇంటికొచ్చే పిల్లలు కాక డాలస్‌లో, న్యూజెర్సీలో ఉన్న మనవాళ్ళ పిల్లలకి వీడియో కాల్‌లో పాఠం చెబుతుంది. విండోస్ 10కి 2025 అక్టోబర్‌తో సపోర్ట్ అయిపోయింది. ఈ లాప్‌టాప్‌లో ఉన్నది ఇంటెల్ నాలుగో తరం ప్రాసెసర్, 11 ఎక్కదు. అందుకని విండోస్ బదులు లినక్స్ మింట్ 22 అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేశాను. వైఫై, ప్రింటర్, కెమెరా అడక్కుండానే పనిచేశాయి. సౌండ్ దగ్గరే ఆగిపోయాను.

హెడ్‌ఫోన్ పెడితే శుభ్రంగా వస్తోంది. తీసేస్తే స్పీకర్లు మూగ. వాల్యూమ్ నూరు మీదే ఉంది. ఇక మైక్ సంగతి: మాట్లాడితే సెట్టింగ్స్‌లో మీటర్ ఎగురుతోంది. కాల్‌లో అవతలివాళ్ళకి మాత్రం దాదాపు ఏమీ వినపడదు, వినపడినా సన్నగా, డొల్లగా ఉందంటున్నారు.

ఎక్కడో చూసి, డ్రైవర్ల సెట్టింగ్స్ ఉండే మోడ్‌ప్రోబ్ ఫోల్డర్‌లో ఆల్సా (లినక్స్ సౌండ్ డ్రైవర్ల వ్యవస్థ) వాడే ఆల్సా-బేస్ ఫైల్ చివర ‘మోడల్=జెనరిక్’ అని ఒక లైన్ చేర్చాను. ఏ మార్పూ లేదు. బుధవారం క్లాసుంది, అప్పటిదాకా అమ్మ ఫోన్‌తో లాగిస్తోంది. టెన్షన్‌గా ఉంది.

కోఠి_కుర్రాడు | రాత్రి 8:20

అన్నా, మింట్ తీసేసి ఫెడోరా లినక్స్ వేసెయ్. నాకు ఎప్పుడూ సౌండ్ ప్రాబ్లెమ్ రాలేదు.

సోల్డర్_సీను | రాత్రి 8:31

ప్రతి దానికీ ఫెడోరాయేనా తమ్ముడూ! డ్రైవర్ ఉండేది కెర్నెల్‌లో, అంటే లినక్స్ గుండెకాయలో. ఏ డిస్ట్రో (లినక్స్ రకం) వేసినా అదే డ్రైవర్, అదే చిప్.

పాత_సీడీ | రాత్రి 9:05

గోదారిగట్టు గారూ, హెడ్‌ఫోన్‌లో వస్తోందంటే సగం పని అయిపోయినట్టే. కార్డు దొరికింది, డ్రైవర్ ఎక్కింది, కోడెక్ అనే సౌండ్ చిప్ మాట్లాడుతోంది. డ్రైవర్ జోలికి వెళ్ళాల్సిన అవసరం ఇప్పటికి కనిపించడం లేదు. ముందు ఆ మోడల్ లైన్ తీసేసి రీస్టార్ట్ చేయండి. ఆ ఆప్షన్ ఉన్నది కోడెక్ పిన్నులు ఏది దేనికి కలిపారో డ్రైవర్‌కి చేత్తో చెప్పడానికి. ఎందుకు పెడుతున్నామో తెలియకుండా పెడితే, రేపు ఇంకో సమస్య వచ్చినప్పుడు అది దీనివల్లా కాదా అన్నది తేలదు.

తర్వాత రెండు విషయాలు చూసి చెప్పండి. ప్రాక్ ఫోల్డర్‌లో ఎసౌండ్ అనే ఫోల్డర్ ఉంటుంది, అందులో కార్డ్స్ అనే ఫైల్. దాన్ని క్యాట్ కమాండ్‌తో చదవండి. రెండోది, టెర్మినల్‌లో (కమాండ్లు కొట్టే కిటికీలో) వాల్యూమ్ బార్లు చూపే ఆల్సామిక్సర్ నడిపి ఏం కనిపిస్తోందో చెప్పండి. ఇక్కడ తెలుగులో రాస్తున్నాం గానీ టెర్మినల్‌లో ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి.

గోదారిగట్టు | రాత్రి 9:40

లైన్ తీసేశాను. కార్డ్స్ ఫైల్‌లో రెండున్నాయి. సున్నా నంబరు దగ్గర ‘హెచ్‌డీఏ ఇంటెల్ హెచ్‌డీఎంఐ’, ఒకటి దగ్గర ‘హెచ్‌డీఏ ఇంటెల్ పీసీహెచ్’. ఆల్సామిక్సర్‌లో మాత్రం మాస్టర్ అని ఒక్క బారే ఉంది. అది నూరు మీదే ఉంది.

కోఠి_కుర్రాడు | రాత్రి 9:44

దొరికింది! హెచ్‌డీఎంఐ (టీవీకి కలిపే పోర్టు) మొదటి కార్డయి కూర్చుంది. మోడ్‌ప్రోబ్‌లో ‘ఇండెక్స్=1,0’ అని పెడితే రెండూ తారుమారవుతాయి. నేను మా బాబాయి సిస్టమ్‌లో ఇదే చేశా.

పాత_సీడీ | రాత్రి 10:02

కోఠి తమ్ముడూ, ఆ చిట్కా నిజమైనదే. నాలుగో తరం ఇంటెల్‌లో హెచ్‌డీఎంఐ ఆడియోకి వేరే కంట్రోలర్ ఉంటుంది, ముందు అదే కనబడుతుంది కాబట్టి సున్నా నంబరు దానికే పడుతుంది. నేరుగా సున్నా కార్డుని పట్టుకునే ప్రోగ్రాములకి అప్పట్లో అది పెద్ద తలనొప్పి. కానీ మింట్ 22లో సౌండ్ సర్వర్, అంటే ప్రోగ్రాముల శబ్దాన్ని కలిపి కార్డుకి పంపేది, పైప్‌వైర్. అది నంబరు చూడదు, పేరు చూస్తుంది. పైగా వీళ్ళకి హెడ్‌ఫోన్‌లో వస్తోందంటే సరైన కార్డుకే వెళ్తోంది కదా. నంబర్లు మార్చినా వీళ్ళ స్పీకర్ మూగగానే ఉంటుంది.

గోదారిగట్టు గారూ, మీకు కనిపించిన ఆ ఒక్క మాస్టర్ బార్ పైప్‌వైర్‌ది, అసలు కార్డుది కాదు. అక్కడే ఎఫ్6 నొక్కండి. కార్డుల జాబితా వస్తుంది. అందులో పీసీహెచ్ (స్పీకర్, హెడ్‌ఫోన్, మైక్ ఉన్న కార్డు) ఎంచుకోండి. అప్పుడు మాస్టర్, హెడ్‌ఫోన్, స్పీకర్, పీసీఎం, మిక్ (అంటే మైక్) బూస్ట్, ఇంటర్నల్ మిక్ బూస్ట్, ఆటో-మ్యూట్ మోడ్ లాంటివి వరసగా కనిపిస్తాయి. అన్నీ పట్టకపోతే బాణం మీటతో పక్కకి జరపండి. ఎఫ్3 ప్లేబ్యాక్, ఎఫ్4 రికార్డింగ్, ఎఫ్5 రెండూ.

ప్రతి బార్ కింద చిన్న పెట్టె ఉంటుంది. అందులో రెండు సున్నాలుంటే దారి తెరిచి ఉన్నట్టు. రెండు ఎమ్ములుంటే మ్యూట్. ఎం మీట నొక్కితే మారుతుంది. బార్ ఎంత ఎత్తున ఉన్నా కింద ఎమ్ములుంటే శబ్దం రాదు, చాలామంది బార్ చూసి మోసపోయేది ఇక్కడే. ఇవన్నీ ఒకే పైపు మీద వరసగా బిగించిన కుళాయిలనుకోండి. ఒక్కటి కట్టి ఉన్నా చివర చుక్క రాదు, మిగతావి ఎంత తిప్పినా.

స్పీకర్ కింద ఏముందో, ఆటో-మ్యూట్ మోడ్ ఏమంటోందో రాయండి.

గోదారిగట్టు | రాత్రి 10:26

స్పీకర్ కింద ఎమ్ములున్నాయి! ఎం నొక్కితే సున్నాలయ్యాయి. అయినా శబ్దం రాలేదు. ఆటో-మ్యూట్ మోడ్ ‘ఎనేబుల్డ్’ అని ఉంది. దాన్ని బాణం మీటతో ‘డిజేబుల్డ్’ చేశాక వచ్చింది!! అమ్మ వంటింట్లోంచి వచ్చి మరీ విన్నది.

కోఠి_కుర్రాడు | రాత్రి 10:28

సూపర్ అన్నా. ఇంక ‘ఆల్సాసీటీఎల్ స్టోర్’ కొట్టు సుడోతో (అడ్మిన్ హక్కుతో). సెట్టింగ్ పర్మనెంట్.

గోదారిగట్టు | సోమవారం, ఉదయం 7:15

స్టోర్ చేశాను. రాత్రి రెండు పాటలు కూడా విన్నాం. పొద్దున్న ఆన్ చేస్తే మళ్ళీ మూగ. స్పీకర్ కింద మళ్ళీ ఎమ్ములు. ఆటో-మ్యూట్ మాత్రం డిజేబుల్డ్ గానే ఉంది. అంటే ఒకటి గుర్తుంది, ఒకటి మరిచిపోయింది. ఇదెలా?

పైప్‌వద్దు | ఉదయం 8:03

ఇందుకే నేను పైప్‌వైర్, దానికి ముందున్న పల్స్ ఆడియో అన్నీ పీకేసి ఉట్టి ఆల్సా మీద నడుపుతున్నా. శబ్దాల్ని కలపడానికి ఆల్సాలోనే డీమిక్స్ ఉంది, నాలుగు ప్రోగ్రాములు ఒకేసారి మోగుతాయి. హోమ్ ఫోల్డర్‌లో ఎసౌండ్ఆర్‌సీ అని పది లైన్ల సెట్టింగ్స్ ఫైల్ చాలు. మధ్యలో ఈ దళారులెందుకు?

పాత_సీడీ | ఉదయం 9:30

దళారి అన్న మాట కాస్త ఎక్కువైంది గానీ, జరుగుతున్నది మీరు పట్టుకున్నదే. గోదారిగట్టు గారి ప్రశ్నకి జవాబు అక్కడే ఉంది. స్పీకర్‌ని మ్యూట్ చేసేవాళ్ళు ఇద్దరున్నారు.

ఒకడు కెర్నెల్ డ్రైవర్. హెడ్‌ఫోన్ జాక్‌లో ఏదో ఉందని కోడెక్ చెబితే స్పీకర్ పిన్‌ని డ్రైవరే కట్టేస్తుంది. ఆ పని పేరే ఆటో-మ్యూట్. మీరు దాన్ని ఆపారు, ఆ సంగతి స్టోర్‌లో నిలిచింది. వార్ ఫోల్డర్‌లో లిబ్, అందులో ఆల్సా, అందులో ఎసౌండ్.స్టేట్ అనే ఫైల్‌లో ఇవన్నీ రాసి ఉంటాయి. సిస్టమ్ ఆపినప్పుడు దానంతట అదే రాసుకుంటుంది, ఆన్ చేసినప్పుడు చదువుతుంది. కాబట్టి స్టోర్ చేత్తో కొట్టకపోయినా చాలాసార్లు నడిచిపోతుంది.

రెండోవాడు పైప్‌వైర్. మీరు లాగిన్ అయ్యాక అది లేస్తుంది, అంటే ఆ ఫైల్ చదవడం అయిపోయాక. దానికి ‘పోర్టు’ అని ఒక లెక్క. హెడ్‌ఫోన్ పోర్టు అయితే హెడ్‌ఫోన్ బార్ తెరవాలి, స్పీకర్ బార్ కట్టాలి. స్పీకర్ పోర్టు అయితే తిరగబడి. ఏ పోర్టు ఎంచుకోవాలో జాక్ చూసి నిర్ణయిస్తుంది. మీ కేసులో హెడ్‌ఫోన్ ఎంచుకుని స్పీకర్‌కి ఎమ్ములు పెడుతోంది. కింద మీరెంత సేవ్ చేసినా పైనుంచి అది మళ్ళీ తిప్పేస్తుంది. ఎసౌండ్.స్టేట్ ఫైల్‌ని ఎవరూ రాయకుండా తాళం వేయమనే సలహాలు కూడా వస్తుంటాయి, అవి పనిచేయవు, కారణం ఇదే.

నా అనుమానం మాత్రం ఇంకో మెట్టు కింద. హెడ్‌ఫోన్ తీసేసినా ఇద్దరూ ‘ఉంది’ అనుకుంటున్నారు. అంటే జాకే అబద్ధం చెబుతోంది. ఆల్సా-టూల్స్ ప్యాకేజీ వేసుకుని, ఏమీ గుచ్చకుండా ‘హెచ్‌డీఏజాక్‌సెన్స్‌టెస్ట్’ నడపండి. కార్డు నంబరు ఒకటి అని చెప్పాలి, లేకపోతే సున్నా చూస్తుంది.

పైప్‌వద్దు గారికి: మీ పద్ధతి మీ బల్ల మీద బాగుంటుంది. వాళ్ళమ్మగారు బ్రౌజర్‌లో కాల్ చేస్తూ, పక్కన బ్లూటూత్ స్పీకర్ కలిపి, స్క్రీన్ షేర్ చేయాలి. ఇవన్నీ ఎసౌండ్ఆర్‌సీలో రాసివ్వడానికి మీరు రాజమండ్రి వెళ్తారా?

పైప్‌వద్దు | ఉదయం 9:41

పుష్కరాలకి వెళ్తా, అప్పుడు చూస్తా :)

గోదారిగట్టు | ఉదయం 10:10

జాక్‌లో ఏమీ లేదు. అయినా హెడ్‌ఫోన్ పిన్ దగ్గర ‘ప్రెజెంట్ = యస్’ అంటోంది.

సోల్డర్_సీను | ఉదయం 10:34

ఇది నా ఏరియా. సాకెట్ లోపల ఒక సన్నటి స్ప్రింగ్ రేకు ఉంటుంది. ప్లగ్ దూరితే అది కదిలి స్విచ్ తెరుచుకోవడమో మూసుకోవడమో జరుగుతుంది, చిప్‌కి కబురు అలా వెళ్తుంది. దుమ్ము, చెమట, తుప్పు పట్టి ఆ రేకు వెనక్కి రాకపోతే హెడ్‌ఫోన్ ఎప్పటికీ ఉన్నట్టే. గోదావరి ఒడ్డున గాలిలో తేమ ఎంతో చెప్పక్కర్లేదు. మా బెజవాడలో కూడా ఇలాంటివి బాగా వస్తాయి.

లాప్‌టాప్ పూర్తిగా ఆపి, చార్జర్ తీసి, బ్యాటరీ ఊడేదైతే ఊడదీయండి. హెడ్‌ఫోన్ ప్లగ్‌ని పెట్టి, తిప్పి, తీసి, ఇలా కాసేపు చేయండి. సగం కేసులు అక్కడే తేలతాయి. కదలకపోతే మెడికల్ షాపులో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అడగండి. పళ్ళ సందుల్లో తోముకునే సన్న బ్రష్ ఉంటుంది కదా, దాన్ని అందులో తడిపి, జాడించి, లోపల తిప్పండి. కారేలా పోయొద్దు. బాగా ఆరాకే ఆన్ చేయండి. అగ్గిపుల్ల, సూది లోపల పెట్టొద్దు. రేకు వంగితే సాకెట్ మార్చాలి, అది బోర్డు మీద టంకం పని.

కోఠి_కుర్రాడు | ఉదయం 10:37

సాఫ్ట్‌వేర్ ఫోరమ్‌లో బ్రష్ పెట్టి తోమించారు మొత్తానికి.

పాత_సీడీ | ఉదయం 11:00

తోమినా లొంగకపోతే సాఫ్ట్‌వేర్ దారి కూడా ఉంది. ఆల్సా-టూల్స్-జీయూఐ ప్యాకేజీలో ‘హెచ్‌డీఏజాక్‌రీటాస్క్’ అనే కిటికీ వస్తుంది. పీసీహెచ్ కోడెక్ ఎంచుకుని, హెడ్‌ఫోన్ పిన్ దగ్గర ఓవర్‌రైడ్ టిక్ పెట్టి, అడ్వాన్స్‌డ్‌లో జాక్ డిటెక్షన్ ‘నాట్ ప్రెజెంట్’ చేస్తే, ఆ పిన్ ఇచ్చే కబురుని డ్రైవర్ ఇక నమ్మదు. ‘ఇన్‌స్టాల్ బూట్ ఓవర్‌రైడ్’ నొక్కితే ప్రతిసారీ అలాగే వస్తుంది. నష్టం ఏమిటంటే హెడ్‌ఫోన్ పెట్టినప్పుడు దానంతట అది మారదు, పావుకంట్రోల్ అనే సౌండ్ సెట్టింగ్స్ ప్రోగ్రామ్‌లో అవుట్‌పుట్ పోర్టు చేత్తో మార్చుకోవాలి. తీసేయాలంటే అక్కడే రిమూవ్ బటన్ ఉంది. ఇది సీను గారి బ్రష్ తర్వాతే.

గోదారిగట్టు | సోమవారం, సాయంత్రం 6:50

ప్లగ్ తిప్పితే లొంగలేదు. ఐసోప్రొపైల్, బ్రష్‌తో లొంగింది. ఇప్పుడు టెస్ట్‌లో ‘నో’ అంటోంది, హెడ్‌ఫోన్ పెడితే ‘యస్’ అంటోంది. ఆటో-మ్యూట్ మళ్ళీ ఎనేబుల్ చేశాను. మూడుసార్లు రీస్టార్ట్ చేసినా స్పీకర్లు మోగుతున్నాయి. సీను గారూ, చాలా థాంక్స్ అండీ. పాత_సీడీ గారూ, మీక్కూడా.

ఇక మైక్. అది అలాగే ఉంది. ఎఫ్4లో క్యాప్చర్ కింద ఎర్రగా ‘క్యాప్చర్’ అనే ఉంది, అంటే ఆన్ లోనే ఉందనుకుంటా. ఇంటర్నల్ మిక్ బూస్ట్ పూర్తిగా పెంచితే గాలి హోరు తప్ప మాట పెరగలేదు.

ఫేడర్‌బాబు | సోమవారం, రాత్రి 7:25

విశాఖలో చిన్న స్టూడియో నడుపుతాను, అందుకని మైక్ అనగానే ఆగాను. ముందు ఆ బూస్ట్ దించండి. అది పది డెసిబెల్స్ చొప్పున మెట్లలో పెరుగుతుంది, పై మెట్టు ముప్ఫై. దానితో మాటతో పాటు ఫ్యాన్ హోరు, సర్క్యూట్ బుస కూడా అంతే పెరుగుతాయి. బూస్ట్ ఒక మెట్టు, క్యాప్చర్ పైన ఎడమ మూలలో కనిపించే డెసిబెల్ గెయిన్ సున్నా దగ్గర. అక్కణ్ణించి మొదలుపెట్టండి.

మీరు చెప్పిన లక్షణంలో నన్ను ఆపింది వేరే. మీటర్ ఎగురుతోంది, కాల్‌లో డొల్లగా వినిపిస్తోంది. ఒక పరీక్ష చేయండి. ఆడాసిటీ అనే రికార్డింగ్ ప్రోగ్రామ్‌లో రెండు ఛానెళ్ళతో, అంటే స్టీరియోలో, ఒక పదం గట్టిగా రికార్డ్ చేసి, తరంగాన్ని బాగా పెద్దది చేసి చూడండి. పై గీత ఎగసినచోట కింద గీత కూడా ఎగసిందా, లేక పడిందా?

గోదారిగట్టు | రాత్రి 7:58

పడింది! పైది కొండ అయితే కింద లోయ. అచ్చం అద్దంలో తలకిందులుగా చూసినట్టే.

ఫేడర్‌బాబు | రాత్రి 8:20

అదే మరి. చాలా లాప్‌టాప్‌లలో మూత పైన మైక్ నుంచి రెండు ఛానెళ్ళు వస్తాయి. కొన్నిటిలో రెండో ఛానెల్ మొదటిదానికి వ్యతిరేక ఫేజ్‌లో వస్తుంది. ఎడమ +1 అంటే కుడి −1. స్టీరియోగా వింటే రెండు చెవులకీ వేర్వేరుగా చేరుతుంది కాబట్టి కాస్త వింతగా అనిపిస్తుంది గానీ వినిపిస్తుంది. మీటర్‌కి ప్లస్ మైనస్‌లతో పని లేదు, ఎగురుతుంది. కాల్ ప్రోగ్రాములు మాత్రం రెండిటినీ కలిపి మోనో చేసి పంపుతాయి. కలిపితే సున్నా. పూర్తిగా సరిపోలని కొంచెం మిగులుతుంది చూడండి, మీవాళ్ళు విన్న డొల్ల గొంతు అదే. విండోస్‌లో కంపెనీ డ్రైవర్ దీన్ని లోలోపల సరిచేస్తుంది కాబట్టి అక్కడ బయటపడదు.

ఇప్పటికిప్పుడు మందు: పావుకంట్రోల్ తెరిచి ఇన్‌పుట్ డివైసెస్‌లో ఇంటర్నల్ మైక్ దగ్గర తాళం బొమ్మ ఉంటుంది. దాన్ని నొక్కితే ఎడమ, కుడి స్లైడర్లు విడిపోతాయి. కుడిది సున్నా చేసేయండి. ఎడమ దానితో కలవడానికి ఏమీ ఉండదు.

గోదారిగట్టు | రాత్రి 8:41

ఫేడర్‌బాబు గారూ!!! డాలస్‌లో పొద్దున్నే ఒకావిడని లేపి మరీ కాల్ చేశాం. ‘టీచర్ గారూ, పక్క గదిలో ఉన్నట్టే ఉంది’ అన్నారు.

పాత_సీడీ | రాత్రి 9:10

కొంచెం ఆగండి. బ్రౌజర్‌లో చేసే కాల్ అయితే ఆ సుఖం ఎక్కువసేపు ఉండకపోవచ్చు. క్రోమియం జాతి (క్రోమ్ లాంటి) బ్రౌజర్లలో ‘ఆటో గెయిన్’ మైక్ వాల్యూమ్‌ని తనే సర్దుతుంది. సర్దేటప్పుడు రెండు ఛానెళ్ళకీ ఒకే విలువ పెడుతుంది. మీరు సున్నా చేసిన కుడి స్లైడర్ కాల్ మధ్యలో పైకి లేచి కూర్చుంటుంది, అమ్మగారి గొంతు మాయమవుతుంది. శిష్యులు ‘మ్యూట్‌లో ఉన్నారు టీచర్’ అంటారు.

కాబట్టి డ్రైవర్ దగ్గరే చెప్పడం మేలు. నిన్న మిమ్మల్ని మోడల్ లైన్ తీసేయమన్నాను, ఈరోజు పెట్టమంటున్నాను, ఈసారి ఎందుకో తెలుసు కాబట్టి. రియల్‌టెక్ కోడెక్‌లకి ‘ఇన్వ్-డీమిక్’ అనే మోడల్ పేరు ఉంది, సరిగ్గా ఈ తలకిందుల మైక్ కోసం రాసినదే. మీకు రెండు కార్డులున్నాయి, రెండిటికీ డ్రైవర్ ఒకటే, మొదటిది హెచ్‌డీఎంఐ. అందుకని విలువల మధ్య కామా కావాలి:

ఆప్షన్స్ ఎస్‌ఎన్‌డీ-హెచ్‌డీఏ-ఇంటెల్ మోడల్=ఆటో,ఇన్వ్-డీమిక్

కామా లేకుండా పెడితే అది హెచ్‌డీఎంఐ కార్డుకి తగులుతుంది, ఏమీ జరగదు. మోడల్ లైన్ పెట్టి పని చేయలేదనేవాళ్ళలో చాలామంది కథ ఇదే. లైన్‌ని విడిగా ఒక కొత్త ఫైల్‌లో పెట్టండి, పైన ఎందుకు పెట్టారో ఒక వ్యాఖ్య రాయండి, రీస్టార్ట్ చేయండి. ఆల్సామిక్సర్‌లో ఎఫ్4 కింద ‘ఇన్వర్టెడ్ ఇంటర్నల్ మిక్’ అని కొత్త బార్ కనిపిస్తే పని అయినట్టు. దాన్ని మ్యూట్ చేయండి, మళ్ళీ ముట్టుకోకండి.

మీ కోడెక్ రియల్‌టెక్ కాకపోతే ఇది వర్తించదు. అప్పుడు పైప్‌వైర్‌లో రీమ్యాప్ సోర్స్ మాడ్యూల్‌తో, ఎడమ ఛానెల్ ఒక్కటే తీసుకునే మోనో మైక్ ఒకటి తయారుచేసి, కాల్‌లో దాన్ని ఎంచుకోవాలి.

కోఠి_కుర్రాడు | రాత్రి 9:22

బాబాయ్, ఇవన్నీ ఎక్కడ నేర్చుకున్నారు మీరు?

పాత_సీడీ | రాత్రి 9:48

దెబ్బలు తిని. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో బేరమాడి కొన్న పాతకాలపు ఐఎస్‌ఏ రకం సౌండ్ కార్డు, పీసీక్వెస్ట్ పత్రికతో వచ్చిన లినక్స్ సీడీ. అప్పుడు కార్డుకి పోర్టు 220, ఐఆర్‌క్యూ 5, డీఎంఏ 1 అని హార్డ్‌వేర్ నంబర్లు మనమే చెప్పాలి. ఐఆర్‌క్యూ ఇంకో కార్డుతో గొడవపడితే పాట ముక్క ముక్కకీ ఆగి మళ్ళీ అదే ముక్క పాడేది. డ్రైవర్ ఆల్సాకి ముందున్న ఓఎస్‌ఎస్. మా కార్డుల మీద ఒకసారికి ఒక్క ప్రోగ్రామే మోగేది, రెండోది తెరిస్తే ‘డివైస్ బిజీ’.

ఆల్సాని 1998లో మొదలుపెట్టింది యారోస్లావ్ కిసెలా. ఆయన మొదట చూసుకున్నది గ్రావిస్ అల్ట్రాసౌండ్ అనే ఒక్క కార్డు. కెర్నెల్‌లో ఆల్సా స్థిరపడింది 2.6 వెర్షన్‌తో, 2003 చివర. ఆ రోజుల్లో ఆల్సా డ్రైవర్ ఎక్కగానే ఛానెళ్ళన్నీ మ్యూట్‌లోనే ఉండేవి, స్పీకర్లు పేలకుండా జాగ్రత్త. కొత్తవాళ్ళందరూ డ్రైవర్ పాడైందనుకుని రెండు రోజులు కెర్నెల్ కంపైల్ చేసుకునేవారు. ఎం మీట ఒక్కటి నొక్కితే సరిపోయేది. తర్వాత 2007లో ఫెడోరా 8 పల్స్ ఆడియోని డిఫాల్ట్ చేసింది, 2021లో ఫెడోరా 34 పైప్‌వైర్‌కి మారింది. పైన సర్వర్ రెండుసార్లు మారింది. కింద హార్డ్‌వేర్‌తో మాట్లాడేది ఇప్పటికీ ఆల్సాయే.

ఆస్టిన్_అక్క | సోమవారం, రాత్రి 10:30

మా అమ్మాయి కూడా ఆన్‌లైన్‌లోనే వీణ నేర్చుకుంటోంది, వేరే టీచర్ గారి దగ్గర. మైక్ సరయ్యాక మీకు ఇంకో సమస్య వస్తుంది చూడండి. టీచర్ గారు తంబుర పెట్టగానే మాకు రెండు సెకన్లు వినిపించి మాయమవుతుంది. వీణ మీటు వినిపిస్తుంది గానీ దాని నాదం మధ్యలో తెగిపోతుంది. గమకం సగం రాదు. మేము నెట్ స్లో అనుకున్నాం చాలా రోజులు.

ఫేడర్‌బాబు | రాత్రి 10:52

అక్కా, అది నెట్ కాదు, కాల్ ప్రోగ్రామ్‌లో ఉన్న నాయిస్ సప్రెషన్. మారకుండా ఒకే తీరున మోగేదేదైనా దాని లెక్కలో ఫ్యాన్ చప్పుడే. తంబుర పని మారకుండా మోగడమే కదా, పీక నొక్కేస్తుంది. మీటు తర్వాత మెల్లగా తగ్గే నాదాన్ని కూడా మాట అయిపోయాక మిగిలిన చప్పుడు కింద కోసేస్తుంది. జూమ్‌లో అయితే ఆడియో సెట్టింగ్స్‌లో ‘ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్’ ఆన్ చేయాలి, ‘మైక్ వాల్యూమ్ ఆటోమేటిక్‌గా సర్దు’ అన్న టిక్ తీసేయాలి. గూగుల్ మీట్‌లో నాయిస్ క్యాన్సలేషన్ ఆపేయాలి. ఇది టీచర్ వైపు చేయాలి. పిల్ల వాయించి వినిపించేటప్పుడు పిల్ల వైపు కూడా.

ఎకో క్యాన్సలేషన్ ఆపితే మాత్రం ఇద్దరూ హెడ్‌ఫోన్ పెట్టుకోవాలి, లేకపోతే గొంతు తిరిగి తిరిగి వస్తుంది.

ఇంకో మాట. వీణ శ్రుతి మూడు అనుకుంటే సారణి (మొదటి తీగ) షడ్జం సుమారు 165 హెర్ట్జ్. మంద్రం తీగ 82, అనుమంద్రం 62 దగ్గర. లాప్‌టాప్ స్పీకర్లు అంత కిందికి దిగవు. పై హార్మోనిక్స్ విని చెవి మిగతాది పూరించుకుంటుంది, కానీ తీగ శ్రుతిలో ఉందో లేదో పట్టుకోవడానికి అది చాలదు. శిష్యురాలి అనుమంద్రం సరిచేయాలంటే టీచర్ గారు హెడ్‌ఫోన్‌లోనే వినాలి. మిక్సర్‌లో ఎంత పెంచినా స్పీకర్ సైజు పెరగదు.

గోదారిగట్టు | మంగళవారం, ఉదయం 6:40

కోడెక్ రియల్‌టెక్కే. ‘ఇన్వర్టెడ్ ఇంటర్నల్ మిక్’ బార్ వచ్చింది, మ్యూట్ చేశాను, రీస్టార్ట్ తర్వాత కూడా నిలిచింది. బ్రౌజర్ కాల్ అరగంట నడిపాం, గొంతు పోలేదు.

ఆస్టిన్ అక్క గారు చెప్పింది అమ్మకి చదివి వినిపిస్తే, ‘అందుకేనా పిల్లలు శ్రుతి వదిలేస్తున్నారు, నేను వాళ్ళని తిడుతున్నాను’ అంది. సప్రెషన్ ఆపాం. హెడ్‌ఫోన్ విషయంలో మాత్రం పేచీ. బొబ్బిలి వీణ ఒళ్ళో పెట్టుకుని తల మీద ఈ దండెం ఏమిటంటోంది. చెవిలో పెట్టుకునే సన్నది కొంటాను.

సోల్డర్_సీను | ఉదయం 7:30

వైరున్నదే కొనండి. బ్లూటూత్‌ది కాల్ మోడ్‌లోకి వెళ్తే క్వాలిటీ పడిపోతుంది, ఆలస్యం కూడా. జాక్ ఇప్పుడు శుభ్రంగా ఉంది కదా, వాడండి. వాడే జాక్ తుప్పు పట్టదు.

కొత్తగా_చేరా | ఉదయం 9:12

అందరికీ నమస్తే, ఇదే దారంలో అడుగుతున్నా. నాది కూడా మింట్. సౌండ్ వస్తుంది, కానీ పాట మొదలయ్యే ముందు, ఆగాక కాసేపటికి ‘టక్’ మంటోంది. ప్రతి నోటిఫికేషన్‌కీ టక్. పిచ్చెక్కుతోంది.

నిర్వాహకుడు | ఉదయం 9:20

కొత్త సమస్యకి కొత్త దారం తెరవండి దయచేసి. దీనికి జవాబు చిన్నదే కాబట్టి వదిలేస్తున్నాను.

పాత_సీడీ | ఉదయం 9:35

అది పవర్ సేవింగ్. వాడకం లేదనగానే కోడెక్‌ని నిద్రపుచ్చుతుంది, శబ్దం రాగానే లేపుతుంది. టక్ వచ్చేది ఆ లేపడం, పడుకోబెట్టడం దగ్గరే. మోడ్‌ప్రోబ్‌లో అదే ఎస్‌ఎన్‌డీ-హెచ్‌డీఏ-ఇంటెల్ డ్రైవర్‌కి ‘పవర్_సేవ్=0’ అని పెట్టండి. ఛార్జర్ తీసినప్పుడు మాత్రమే వస్తుంటే టీఎల్‌పీ అనే బ్యాటరీ ఆదా ప్రోగ్రామ్ ఉందేమో చూడండి. ఉంటే దాని సెట్టింగ్స్ ఫైల్‌లో ‘సౌండ్_పవర్_సేవ్_ఆన్_బ్యాట్’ విలువని సున్నా చేయాలి, లేకపోతే మోడ్‌ప్రోబ్‌లో మీరు పెట్టినదాన్ని అది మార్చేస్తుంది. బ్యాటరీ కొద్దిగా ఎక్కువ ఖర్చవుతుంది.

కొత్తగా_చేరా | ఉదయం 9:58

టీఎల్‌పీ ఉంది. రెండు చోట్లా సున్నా చేశా, టక్ పోయింది.